పదిహేనేళ్లు దాటిన కారు: ఇంటి దగ్గర చేసుకోగలిగింది ఎంత, మెకానిక్‌కు వదలాల్సింది ఎంత?

పాత కారు నడుపుతున్నవాళ్లకు 2025 ఆగస్టు నెల చాలా సందేహాలు మిగిల్చింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత ఇంజిన్లను పాడు చేస్తుందా అన్న వాదన ఆ నెలలోనే ముదిరింది. 20 ఏళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ రుసుమును కేంద్రం 10,000 రూపాయలకు పెంచింది. ఢిల్లీలో కాలం చెల్లిన వాహనాల వ్యవహారం మళ్లీ సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఈ వార్తలన్నీ కలగలిసి, పదిహేనేళ్లు దాటిన కారు తుక్కుకే పనికొస్తుందన్న మాట చాలామంది నోట వినిపిస్తోంది. మరోవైపు, నాలుగు పానాలూ ఒక ఫోనూ ఉంటే కారు పనంతా ఇంటి ముందే చేసుకోవచ్చని చెప్పే వీడియోలకూ కొదవ లేదు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది, కొంత ప్రమాదమూ ఉంది.

పాత కారు యజమాని ఇంటి దగ్గర చేయగల పనుల్లో అన్నిటికన్నా విలువైనది లోపాన్ని ముందుగా పసిగట్టడం; విప్పి బిగించే పని దాని తరవాతే. ఈ వ్యాసంలో ఉదాహరణకు తీసుకున్నవి 2005-2012 మధ్య వచ్చిన చిన్న పెట్రోలు కార్లు, అంటే మన ఊళ్లలో ఇప్పటికీ తిరుగుతున్న ఆల్టో, వ్యాగన్‌ఆర్, శాంట్రో లాంటివి.

వయసు వేరు, కిలోమీటర్లు వేరు

పాత కారు అమ్మేటప్పుడు "తక్కువ తిరిగింది, నలభై వేల కిలోమీటర్లే" అని గొప్పగా చెప్పుకుంటారు. పిస్టన్ రింగులు, క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడ్ల లాంటివి తిరిగిన దూరాన్ని బట్టి అరుగుతాయి కాబట్టి ఆ మాటకు విలువ ఉంది. అయితే కారులో సగానికి సగం వస్తువులు దూరంతో పని లేకుండా కాలంతోనే ముసలివవుతాయి. రబ్బరు హోసులు, బెల్టులు, ఆయిల్ సీళ్లు, ఇంజిన్ మౌంటింగులు, సస్పెన్షన్ బుష్‌లు, టైర్లు, బ్రేకు ఆయిల్, కూలెంట్, బ్యాటరీ, వైర్ల మీది ప్లాస్టిక్ తొడుగు అన్నీ ఈ జాబితాలోకే వస్తాయి. రోజూ నడిచే లక్ష కిలోమీటర్ల కారు కంటే, షెడ్డులో కవరు కప్పి నెలకోసారి బయటికి తీసే నలభై వేల కిలోమీటర్ల కారు ఎక్కువ ఇబ్బంది పెట్టడానికి కారణం ఇదే. నిలిచి ఉన్న కారులో సీళ్లు తడి ఆరిపోతాయి, బ్యాటరీ దిగిపోతుంది, బ్రేకు డిస్కుకు తుప్పు పడుతుంది, వైర్లను ఎలుకలు కొరుకుతాయి.

టైరు పక్కగోడ మీద చిన్న అండాకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2316 అని ఉంటే 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైన టైరు అని అర్థం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారు టైరు గాడుల లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. ఈ టైరు గాడులు ఇంకా 5 మిల్లీమీటర్లు ఉన్నా, చట్టప్రకారం అది బాగానే ఉన్నా, పక్కగోడ మీద వెంట్రుకవాసి పగుళ్లు కనిపిస్తే వేసవిలో జాతీయ రహదారి మీద దాన్ని నమ్ముకోవడం పొరపాటు. కిలోమీటర్ల లెక్క ఇచ్చే భరోసాను వయసు లెక్క కొట్టేసే సందర్భాల్లో ఇది ఒకటి.

సముద్ర తీరపు ఊళ్లలో దీనికి తుప్పు తోడవుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వైపు తిరిగిన కారు ఇంజిన్ ఎంత బాగున్నా, తలుపుల కింది పట్టీ, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట, సస్పెన్షన్ బిగించే చోట్లు చూడకుండా దాని ఆయుష్షు చెప్పలేం. ఇంజిన్‌కు బోరు చేయించవచ్చు, గేరుబాక్సు మార్చవచ్చు. తుప్పు తిన్న బాడీని మళ్లీ మొదటి బలానికి తేవడం చాలా ఖర్చుతో కూడిన పని, అన్నిసార్లూ సాధ్యం కాదు కూడా.

ఇంజిన్ వేడి: పాత కార్లను ఎక్కువగా చంపేది ఇదే

పాత కారు రోడ్డు మీద ఆగిపోతే సెల్ఫ్ మోటారో బ్యాటరీయో మార్చుకుని ఇంటికి రావచ్చు. వేడెక్కిన ఇంజిన్‌ను అలాగే మరో పది కిలోమీటర్లు లాగితే మాత్రం సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ వంగిపోతుంది, దాని కింది పొర హెడ్ గాస్కెట్ పోతుంది, కారు విలువలో పెద్ద భాగం షెడ్డు బిల్లుకే సరిపోతుంది. అందుకే కూలింగ్ వ్యవస్థను కాస్త వివరంగా అర్థం చేసుకోవాలి.

మంచు కురవని మన ప్రాంతంలో కూలెంట్ ఎందుకు, నీళ్లు పోస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. గడ్డకట్టకుండా కాపాడటం కూలెంట్ చేసే పనుల్లో ఒకటి మాత్రమే. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది. దానితో కలిపిన రసాయనాలు అల్యూమినియం హెడ్డునూ రేడియేటర్‌నూ తుప్పు నుంచి కాపాడతాయి. బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. అవి రేడియేటర్ సన్నని గొట్టాల్లో గార కట్టి, నీరు ప్రవహించే దారిని ఏటేటా కొంత మూసేస్తాయి. నడిరోడ్డు మీద నీళ్లు తగ్గినప్పుడు దొరికిన నీళ్లు పోయక తప్పదు గానీ, ఇంటికొచ్చాక ఆ నీళ్లన్నీ దించేసి, డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపిన కూలెంట్ నింపడం మేలు. కూలెంట్ విషం, రుచికి తియ్యగా ఉంటుంది. దించిన ద్రవాన్ని పిల్లలకూ పశువులకూ కుక్కలకూ అందే చోట ఉంచకూడదు.

రేడియేటర్ మూత చూడటానికి మామూలు డబ్బా మూతలా ఉంటుంది కానీ అది ఒక కవాటం. దాని స్ప్రింగు లోపల సుమారు 0.9 బార్ అదనపు ఒత్తిడిని నిలిపినంత కాలం ఒట్టి నీరైనా దాదాపు 118 డిగ్రీల దాకా మరగదు. స్ప్రింగు సడలినా, దాని కింది రబ్బరు వాషర్ చీలినా ఒత్తిడి నిలవదు, నీరు 100 డిగ్రీలకే మరిగి బయటికి పొంగుతుంది. ఊళ్లో తిరిగినప్పుడు బాగుండి, ఎండాకాలం ట్రాఫిక్‌లో ఏసీ వేసినప్పుడు మాత్రమే వేడెక్కే కారులో నేరం ఈ చిన్న మూతదే కావచ్చు, ఫ్యానుకు కరెంటు అందించే స్విచ్చు, అంటే రిలేదీ కావచ్చు. రేడియేటర్ మార్పించే ముందు ఈ రెండూ చూడాలి. వేడిగా ఉన్నప్పుడు ఈ మూత తీస్తే, ఒత్తిడి ఒక్కసారిగా పోయి మరుగునీరు ముఖం మీదికి చిమ్ముతుంది; హోసు చేత్తో తాకగలిగేంత చల్లబడ్డాకే తీయాలి.

హోసులను ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వేళ్లతో నొక్కి చూస్తే చాలా తెలుస్తుంది. మంచి హోసు నొక్కితే లొంగి, వదిలితే వెంటనే మామూలుగా అవుతుంది. కాలం తీరిన హోసు రెండు రకాలుగా ఉంటుంది: ఒకటి గట్టిపడి, నొక్కితే లోపల చిటపటమంటుంది, రెండోది నూనె తగిలి ఉబ్బి మెత్తగా జావకారినట్టుంటుంది. క్లిప్పు బిగించిన చోట ఎండిన ఉప్పులా తెల్లగానో ఆకుపచ్చగానో పొడి పేరుకుని ఉంటే, కారు కింద చుక్క కనిపించకపోయినా అక్కడినుంచి కూలెంట్ కారుతోందని అర్థం; వేడికి అది నేల చేరకముందే ఆరిపోతోంది.

ఇక థర్మోస్టాట్ వివాదం. చల్లటి ఇంజిన్ త్వరగా వేడెక్కేలా కూలెంట్‌ను ఆపి ఉంచి, సుమారు 82 నుంచి 88 డిగ్రీల దగ్గర తెరుచుకునే చిన్న కవాటం ఇది. మన షెడ్డుల్లో చాలామంది మెకానిక్‌లు దీన్ని తీసి పక్కన పెడతారు. మన ఎండలకు దీని అవసరం లేదనీ, అది మూసుకున్న స్థితిలో ఇరుక్కుపోతే ఇంజినే పోతుందనీ వాళ్ల వాదన. ఆ భయం నిరాధారమైనది కాదు. అలా పోయిన ఇంజిన్లను చూసిన అనుభవంతోనే వాళ్లు ఆ మాట అంటారు. అయితే థర్మోస్టాట్ లేని ఇంజిన్ హైవే మీద పూర్తి వేడికి చేరదు. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని సెన్సర్ చెబుతుంటే, కంప్యూటర్ అవసరానికి మించి పెట్రోలు పంపుతూనే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది, కాలని పెట్రోలు ఇంజిన్ ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచబరుస్తుంది. కొత్త థర్మోస్టాట్ చిన్న కార్లకు సాధారణంగా కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. బిగించే ముందు దాన్ని గిన్నెలో నీళ్లలో వేసి పొయ్యి మీద పెడితే, నీళ్లు మరగకముందే తెరుచుకుంటుందో లేదో కంటితో చూడవచ్చు. భయానికి మందు కొత్తది వేయడమే తప్ప అసలు లేకుండా చేయడం కాదని నా అభిప్రాయం.

ఈ20 పెట్రోలు: వాదన ఎంత, లెక్క ఎంత

ఈ20 అంటే 80 పాళ్ల పెట్రోలులో 20 పాళ్ల ఇథనాల్. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్ల భాగాలు దీన్ని తట్టుకునేలా ఉన్నాయి. అంతకు ముందు కార్లకు ఆ హామీ లేదు. ప్రశ్న రెండు ముక్కలు: మైలేజీ ఎంత తగ్గుతుంది, భాగాలు ఏమవుతాయి.

లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానిలో దాదాపు మూడింట రెండొంతులు. ఒట్టి పెట్రోలును 100 అనుకుంటే, ఈ20లో శక్తి 93 దాకా, పది శాతం ఇథనాల్ ఉన్న ఈ10లో 96.5 దాకా ఉంటుంది. దేశంలో 2022 నాటికే ఈ10 వచ్చేసింది కాబట్టి, నిన్నటితో ఇవాళ్టిని పోలిస్తే శక్తిలో తేడా మూడున్నర శాతమే. నీతి ఆయోగ్ 2021 నివేదిక, ఒట్టి పెట్రోలుకు రూపొందించి ఈ10కి సర్దుబాటు చేసిన కార్లలో ఈ20 వాడితే 6-7 శాతం మైలేజీ తగ్గుతుందని అంచనా వేసింది. నీతి ఆయోగ్ అంచనానే తీసుకుందాం. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే కారు 6 శాతం తగ్గి సుమారు 16.9 ఇస్తుంది. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగితే 556 లీటర్ల బదులు 591 లీటర్లు పడుతుంది. అదనపు 35 లీటర్లకు, లీటరు 108 రూపాయలు అనుకుంటే, ఏడాదికి సుమారు 3,800 రూపాయలు. ఇది చిన్న మొత్తమేమీ కాదు. ఇథనాల్ కలిపినందుకు పంపు దగ్గర ధర తగ్గలేదన్న వాహనదారుల ఫిర్యాదు న్యాయమైనదే. కానీ 18 నుంచి 13కు పడిపోయిందని చెప్పే కారులో మిగతా లోటుకు కారణం ఇథనాల్ కాదు. గాలి తగ్గిన టైర్లు, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, పట్టేస్తున్న బ్రేకు, పైన చెప్పిన థర్మోస్టాట్‌లలో ఏదో ఒకటి అక్కడ ఉంటుంది. నింద ఈ20 మీద వేసి ఊరుకుంటే అసలు లోపం అలాగే మిగులుతుంది.

భాగాల సంగతి ఇంత సూటిగా తేలదు. కొన్ని పాత వాహనాల్లో 20,000 నుంచి 30,000 కిలోమీటర్ల తరవాత కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని పెట్రోలియం మంత్రిత్వ శాఖే తన వివరణలో చెప్పింది. ఇథనాల్ కొన్ని రకాల పాత రబ్బరును ఉబ్బిస్తుంది, తేమను పీల్చుకుంటుంది. రోజూ నడిచే కారులో ట్యాంకు పెట్రోలు పది పదిహేను రోజుల్లో ఖర్చవుతుంది కాబట్టి తేమతో పెద్ద చిక్కు ఉండదు. నెలల తరబడి నిలిచిపోయే కారులో, అందులోనూ ఇనుప ట్యాంకు ఉన్నదానిలో, అది అడుగున చేరి తుప్పుకు దారితీయవచ్చు. కంప్యూటర్ లెక్క ప్రకారం పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ కార్లలో ఆక్సిజన్ సెన్సర్ కొంత మేర మిశ్రమాన్ని సర్దుతుంది. కార్బురేటర్ బండికి ఆ వెసులుబాటు లేదు. అందులో మిశ్రమం పలచబడి, పికప్ తగ్గి, చల్లటి ఇంజిన్ అంటుకోవడానికి మొరాయిస్తుంది. కాబట్టి 2000కు ముందు కార్బురేటర్ కారు యజమాని ఆందోళననూ, 2012 నాటి ఇంజెక్షన్ కారు యజమాని ఆందోళననూ ఒకే గాటన కట్టలేం.

ఇంట్లో చేయవలసింది పెట్రోలు వాసనను పట్టించుకోవడం. ఉదయం బానెట్ ఎత్తగానే వాసన వస్తే, హోసు మారేదాకా ఆ కారును నడపకూడదు. మార్చేటప్పుడు కొట్లో దొరికిన ఏ రబ్బరు గొట్టమో వేయడం పెద్ద ప్రమాదం. ఇంజెక్షన్ కార్ల ఇంధన వ్యవస్థలో ఒత్తిడి ఎక్కువ. ఆ ఒత్తిడికి తగిన హోసు మీద ఎస్ఏఈ జే30 ఆర్9 అని అచ్చు ఉంటుంది. ఆ గుర్తు లేని హోసు ఈ పనికి పనికిరాదు.

లోపం కనిపెట్టడం ఒక పని, పార్టు మార్చడం మరో పని

పాత కారు మీద వృథా అయ్యే డబ్బులో ఎక్కువ భాగం, బాగున్న పార్టులను మార్చడానికి పోతుంది. సెల్ఫ్ తీసుకోకపోతే బ్యాటరీ మార్చేస్తారు, నాలుగు నెలలకు మళ్లీ అదే కథ. కొన్ని వందల రూపాయల మల్టీమీటర్ ఉంటే ఈ చిక్కు విడిపోతుంది. రాత్రంతా నిలిపి ఉంచిన కారు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే అది నిండుగా ఉన్నట్టు, 12.1 అంటే సగానికి దిగినట్టు. ఇంజిన్ నడుస్తుండగా అదే చోట 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. ఇంజిన్ నడుస్తున్నా 12.3 దగ్గరే నిలిచిపోతే, బ్యాటరీ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు; ఛార్జింగ్ జరగడం లేదు, అంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటరో దాని బెల్టో చూడాలి. ఛార్జింగ్ బాగానే ఉండి, ఉదయానికి 12.6 కాస్తా 11.8 అవుతుంటే, ఇంజిన్ ఆగాక కూడా ఏదో ఒకటి కరెంటు తాగుతోంది. తరవాత బిగించిన మ్యూజిక్ సిస్టమ్, అలారం మొదటి అనుమానితులు. ఈ కొలతలన్నిటికన్నా ముందు టర్మినల్ మీద పేరుకున్న నీలం కలిసిన తెల్లటి పొడి తుడిచి, క్లాంపు చేత్తో కదులుతోందేమో చూడాలి. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర. లేకపోతే పానా బాడీకి తగిలి మంట లేస్తుంది.

2010 తరవాతి బీఎస్-4 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాల్లో నాలుగో దశ) కార్లలో చాలావాటికి స్టీరింగ్ కింద, లోపాల కోడ్లు చదివే ఓబీడీ సాకెట్ ఉంటుంది. దానికి చిన్న బ్లూటూత్ పరికరం తగిలిస్తే, ఇంజిన్ బొమ్మ దీపం ఎందుకు వెలిగిందో ఫోనులో కోడ్ రూపంలో తెలుస్తుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. కోడ్ చెప్పేది లక్షణమే, కారణం కాదు. పీ0301 అంటే మొదటి సిలిండర్ సరిగా మండటం లేదని మాత్రమే. కారణం ప్లగ్గు కావచ్చు, కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, ఆ సిలిండర్ వాల్వు కాలిపోయి ఉండవచ్చు. సిలిండర్‌కొక కాయిల్ ఉన్న కారులో అనుభవజ్ఞుడైన మెకానిక్ ముందు ఏమీ కొనడు. ఒకటో సిలిండర్ కాయిల్ రెండోదానికి, రెండోది ఒకటోదానికి మార్చి, కోడ్ చెరిపేసి, కాసేపు నడుపుతాడు. ఈసారి పీ0302 వస్తే లోపం కాయిల్‌తో పాటు కదిలింది కాబట్టి దొంగ దొరికినట్టే. మళ్లీ పీ0301 వస్తే కాయిల్ నిర్దోషి. ప్లగ్గుతో అదే పరీక్ష జరుగుతుంది. రెండూ నిర్దోషులైతే అప్పుడు కంప్రెషన్, అంటే సిలిండర్ లోపలి ఒత్తిడి చూడాలి, అది షెడ్డు పని.

కోడ్ చదవలేని 2010కి ముందు కార్ల యజమానులకు మరో కాగితం అందుబాటులో ఉంది: కాలుష్య పరీక్ష సర్టిఫికెట్. దాని మీద అచ్చయ్యే రెండు అంకెలను ఎవరూ చదవరు. బీఎస్-2, బీఎస్-3 పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 0.5 శాతం, హైడ్రోకార్బన్ల పరిమితి 750 పీపీఎం (పది లక్షల్లో 750 పాళ్లు). బీఎస్-4కు అవి 0.3, 200. ఒక బీఎస్-3 కారుకు కిందటిసారి 0.12, 90 వచ్చి, ఈసారి 0.14, 600 వచ్చిందనుకుందాం. కారు పాసయింది. కానీ హైడ్రోకార్బన్లు అంతగా పెరిగాయంటే పెట్రోలు కాలకుండానే బయటికి పోతోంది. ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు చూసుకోవాల్సిన సమయం వచ్చింది. మోనాక్సైడ్ పెరిగితే పెట్రోలు మోతాదు మించుతోందని గుర్తు. సైలెన్సర్‌లో పైపు పెట్టకుండానే సర్టిఫికెట్ చేతికిచ్చే చోటికి వెళ్తే ఈ సమాచారం దక్కదు. కిందటి కాగితాలు దాచుకుంటే ఇంజిన్ ఆరోగ్య చరిత్ర చేతిలో ఉన్నట్టే.

గీత ఎక్కడ గీయాలి

ఇంటి పనికీ షెడ్డు పనికీ మధ్య గీత పని కష్టాన్ని బట్టి గీయాలనుకుంటారు చాలామంది. దానికంటే, తప్పు జరిగితే ఏమవుతుందన్నదాన్ని బట్టి గీయడం సబబు. హెడ్‌లైటు వైరింగు చిక్కుల పని, రోజంతా పట్టవచ్చు. తప్పు చేస్తే సాధారణంగా ఫ్యూజు పోతుంది. ముందు బ్రేకు ప్యాడ్లు మార్చడం చాలా కార్లలో రెండు బోల్టుల పని, గంట కూడా పట్టదు. తప్పు చేస్తే మనుషులు పోతారు.

దీని మీద భిన్నాభిప్రాయాలు ఉన్నాయి, రెండు పక్షాలకూ బలం ఉంది. తమ కారు పని తామే చేసుకునేవాళ్లు, రోజుకు పది కార్లు చూసే షెడ్డులో కుర్రాడు హడావిడిగా బిగించే దానికంటే తాము సర్వీసు మాన్యువల్ చూసి, టార్క్ రెంచితో లెక్క ప్రకారం బిగించేదే నమ్మకమని అంటారు. ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్న మేస్త్రీలు, మాన్యువల్‌లో లేనివి పాత కారులో చాలా ఉంటాయనీ, ఇరుక్కున్న పిన్ను, నీరు చేరిన వీల్ సిలిండర్, లోపల ఉబ్బిన బ్రేకు హోసు చేతికి అలవాటైతే తప్ప తెలియవనీ అంటారు. పనిముట్లూ ఓపికా ఉండి, పక్కన తెలిసినవాళ్లు ఉండి నేర్చుకున్నవాళ్ల మాట నేను కొట్టిపారేయను. కేవలం వీడియో చూసి మొదటిసారి బ్రేకుల మీద చెయ్యి వేయడాన్ని మాత్రం సమర్థించలేను.

బ్రేకు ఆయిల్ విషయంలో పరీక్ష ఇంటిది, మార్పు షెడ్డుది. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక ఆ ప్రమాణం 155కు దిగుతుంది. ఊళ్లో ఈ తేడా తెలియదు. శ్రీశైలం ఘాట్‌లోనో అరకు నుంచి దిగేటప్పుడో బ్రేకు మీద కాలు ఆనించి వస్తే, చక్రాల దగ్గర ద్రవం మరిగి ఆవిరవుతుంది, పెడల్ నేలకు తగులుతుంది. రెండేళ్లకోసారి మార్చాలన్న సలహా వెనక కారణం ఇదే. డబ్బాలో ద్రవం తేనె రంగు దాటి కాఫీ రంగుకు వచ్చిందంటే గడువు ఎప్పుడో మీరినట్టు. మట్టం తగ్గుతూ ఉంటే ఊరికే నింపడం సరికాదు. ప్యాడ్లు అరిగినా తగ్గుతుంది, ఎక్కడో కారుతున్నా తగ్గుతుంది, ఏదో తేల్చుకోవాలి.

వాల్వులను పిస్టన్లతో తాళం తప్పకుండా నడిపే టైమింగ్ బెల్టు కూడా గీతకు అవతలిదే. కవరు వెనక కనిపించదు, తెగే ముందు చప్పుడు చేయదు. కొన్ని ఇంజిన్లలో అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడు ఇది ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే, మార్చనట్టే లెక్క వేసుకోవడం మంచిది.

కారుతో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికే. దాని మీద నిలిపిన కారు కిందకి ఏ పనికీ దూరకూడదు. చదునైన గట్టి నేల మీద జాకీ స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డు పెట్టాకే దూరాలి. ఇటుకలూ సిమెంటు దిమ్మెలూ బరువుకు ఒక్కసారిగా పగులుతాయి. ఇంట్లో ఆయిల్ మార్చేవాళ్లు దించిన పాత ఆయిల్‌ను మురికికాల్వలో పోయకూడదు. అది ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది; డబ్బాలో పట్టి, పాత ఆయిల్ సేకరించే సర్వీసు కేంద్రానికి ఇవ్వాలి.

పార్టుల విషయానికొస్తే, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఒకే వస్తువుకు మూడు ధరలు చెబుతారు. కంపెనీ డబ్బాలో వచ్చేది ఒకటి. అదే వస్తువును కంపెనీకి సరఫరా చేసే తయారీదారు తన సొంత పేరుతో అమ్మేది రెండోది. ఎవరు చేశారో తెలియని లోకల్ సరుకు మూడోది. రెండోది చాలాసార్లు మొదటిదానికి తీసిపోదు, ధర తక్కువ. మూడోదాన్ని వైపర్ బ్లేడుకో తలుపు పిడికో వాడుకోవచ్చు గానీ బ్రేకులకూ స్టీరింగుకూ వాడరాదు.

ఇంకా ఖర్చు పెట్టడం దండగా?

మరమ్మతు ఖర్చు కారు అమ్మకపు ధరలో సగం దాటితే వదిలించుకోవాలన్న సూత్రం వాడుకలో ఉంది. కానీ పోల్చవలసింది కారు ధరతో కాదు, దాని స్థానంలో వచ్చే కారు ఖర్చుతో. ఊహించిన అంకెలతో ఒక లెక్క వేద్దాం. ఇవాళ లక్ష రూపాయలు పలికే కారుకు 45,000 పెట్టి క్లచ్, రేడియేటర్, సస్పెన్షన్ చేయించి మూడేళ్లు నడిపారు. ఏటా మామూలు పనులకు 20,000 అయింది. మూడేళ్ల తరవాత 40,000కు అమ్మారు. పోయిన విలువ 60,000, పెద్ద మరమ్మతు 45,000, ఏటేటా పనులు 60,000. మొత్తం 1,65,000, అంటే ఏడాదికి 55,000. అదే ఆరు లక్షల కొత్త కారు తీసుకుంటే, బీమా సంస్థలు వాడే తరుగుదల పట్టిక ప్రకారం మూడేళ్లకు 30 శాతం, అంటే 1,80,000 తరిగిపోతుంది. ఏడాదికి 60,000 ఒట్టి తరుగుదలే. జీవితకాల పన్ను, అప్పు మీద వడ్డీ, పెద్ద బీమా ప్రీమియం దానికి అదనం.

డబ్బు లెక్కలో పాత కారు నెగ్గింది. అయినా ఈ లెక్కలో ఇమడనివి రెండున్నాయి. మొదటిది అనిశ్చితి: కొత్త కారు ఖర్చు ముందే తెలుస్తుంది, పాతది ఎప్పుడు ఎంత అడుగుతుందో చెప్పలేం. రాత్రిపూట ఆస్పత్రికి పరుగెత్తాల్సిన పెద్దవాళ్లున్న ఇంటికి అది చిన్న విషయం కాదు. రెండోది భద్రత. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరయ్యాయి. 2010 నాటి చిన్న కార్లలో చాలావాటికి ఈ రెండూ లేవు, ఎంత మరమ్మతు చేసినా రావు. ఊళ్లో ముప్పై నలభై వేగంతో తిరిగే కారుకూ, వారం వారం హైదరాబాద్ నుంచి సొంతూరికి హైవే మీద కుటుంబాన్ని తీసుకెళ్లే కారుకూ ఒకే జవాబు ఉండదు.

చట్టం ఏం చెబుతోంది

ఢిల్లీ రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాల మీద ఆంక్షలు జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014, 2015ల్లో ఇచ్చిన ఆదేశాలతో, సుప్రీంకోర్టు 2018లో చెప్పినదానితో వచ్చాయి. అవి ఆ ప్రాంతానికే. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రెన్యువల్ లేదన్న 2023 నాటి నిబంధన ప్రభుత్వ వాహనాలకే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సొంత కారు పదిహేనేళ్లకు చట్టవిరుద్ధం అయిపోదు. దాని రిజిస్ట్రేషన్ గడువు మాత్రం తీరుతుంది. మోటారు వాహనాల చట్టం కింద తనిఖీ చేయించి ఐదేళ్లకు, మళ్లీ ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవచ్చు. 2025 ఆగస్టు సవరణ నాటికి కారుకు పదిహేను నుంచి ఇరవై ఏళ్ల మధ్య రుసుము 5,000 రూపాయలు, ఇరవై దాటాక 10,000. రాష్ట్రాలు వేసే హరిత పన్ను వేరు. రెన్యువల్ వద్దనుకుని రిజిస్టరైన తుక్కు కేంద్రానికి ఇస్తే వచ్చే డిపాజిట్ సర్టిఫికెట్‌తో, కొత్త సొంత కారు మీద రాష్ట్రాలు 25 శాతం దాకా పన్ను రాయితీ ఇవ్వడానికి కేంద్ర నిబంధనలు వీలు కల్పించాయి.

దరఖాస్తు ఫారం 25లో, గడువుకు ముందు అరవై రోజుల లోపల చేయాలి. తనిఖీ దగ్గర పడుతోందని టింకరింగ్, పెయింటింగుకు ముందు డబ్బు పెట్టేవాళ్లు ఎక్కువ. రంగు వేస్తే తుప్పు కనిపించకుండా పోతుంది గానీ ఆగదు. గడువుకు ఆరు నెలల ముందే కారును లిఫ్టు ఎక్కించి కింది భాగం చూపించుకుంటే, రుసుము కట్టకముందే, టైర్లు కొనకముందే, రంగు వేయకముందే ఆ బాడీ మరో ఐదేళ్లు నిలుస్తుందో లేదో తెలుస్తుంది.